పెరట్లో కోళ్లకి ఎత్తు తక్కువ జాలీ దొడ్డి కట్టుకోవడం ఎలా

పెరట్లో మూడు నాలుగు కోళ్లు పెంచుకోవడానికి మనిషి నిలబడేంత షెడ్డు అక్కర్లేదు. రెండున్నర అడుగుల ఎత్తున జాలీ దొడ్డి, దానికి పైన మూతలు, పక్కన రాత్రి పడుకోవడానికి ఒక గూడు, ఇవి చాలు. కర్ర తక్కువ పడుతుంది, గాలికి ఊగదు, తోట మధ్యలో గోడ కట్టినట్టు అడ్డంగా కనపడదు, పైన కూడా జాలీయే కాబట్టి గద్ద భయం ఉండదు. ఇన్ని లాభాలున్నా ఒక్క తిరకాసు ఉంది, దాని లోపలికి మీరు మామూలుగా నడిచి వెళ్లలేరు. అందుకే కోడికి ఆ ఎత్తు సరిపోతుందా అని బుర్ర బద్దలు కొట్టుకునే ముందు, ఆ చివరి మూలకి మీ చెయ్యి అందుతుందా లేదా అన్నది చూసుకోండి. చెయ్యి అందని మూలని ఎవరూ ఊడవరు, ఊడవని మూలలో తడి పేరుకుంటుంది, కోడి కూడా కావాలని పగబట్టినట్టు గుడ్డు సరిగ్గా అక్కడే పెడుతుంది.

కొలతలు ముందు తేల్చుకోండి

మామూలు సైజు పెట్ట నిలబడితే ఎత్తు అడుగున్నర లోపే ఉంటుంది. కాస్త రెక్కలు విదిలించుకోవడానికి, ఒక ఇటుక మీదకి ఎగిరి కూర్చోవడానికి 2 అడుగులు బొటాబొటిగా, 2.5 అడుగులు హాయిగా సరిపోతాయి. 3 అడుగులు పెట్టుకుంటే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది గానీ పెట్టొద్దు. రెండున్నర అడుగుల గోడ అయితే మూత తెరిచి, చిన్న పీట వేసుకుని లోపలికి కాలు దాటించొచ్చు, అంచు మీద నడుము ఆనించి వంగొచ్చు. 3 అడుగులకి వచ్చేసరికి దాటలేరు, వంగితే కడుపులో గుచ్చుకుంటుంది, నేల అందదు. అంటే అటు షెడ్డూ కాదు, ఇటు పొట్టి దొడ్డీ కాదు. పొడుగు కాళ్ల జాతి పుంజుల్ని పెంచేవాళ్లకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, అవి కూత పెట్టేటప్పుడు మెడ సాగదీస్తే తల జాలీకి తగులుతుంది. వాళ్లు ఎత్తైన షెడ్డే కట్టుకోవాలి.

వెడల్పు 4 అడుగులు దాటనివ్వకండి. మనిషి చెయ్యి వంగి చాపితే రెండు, రెండున్నర అడుగులు అందుతుంది, కాబట్టి రెండు వైపుల నుంచీ పని చేసుకునేలా ఉంటే 4 అడుగులే గరిష్ఠం. పొడవు మీ ఇష్టం, కోళ్ల సంఖ్యని బట్టి పెంచుకోండి. రోజంతా అందులోనే తిరిగే కోడికి 8 నుంచి 10 చదరపు అడుగుల చోటు లెక్క వేసుకోవాలి, చిన్న జాతి అయితే అందులో సగం. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు అంటే 32 చదరపు అడుగులు, అంటే 3 కోళ్లకి దర్జాగా, నాలుగింటికి కొంచెం ఇరుగ్గా. ఇరుకైతే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు, ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం మొదలెడతాయి. ఒక్క కోడిని మాత్రం పెంచొద్దు, అవి గుంపుగా బతికే పక్షులు.

ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఈ 8 × 4 × 2.5 అడుగుల దొడ్డికే.

ఎక్కడ పెట్టాలి

వాన వెలిసిన ఒక గంటకి పెరట్లోకి వెళ్లి చూడండి, నీళ్లు ఎక్కడ నిలిచి ఉన్నాయో అక్కడ తప్ప ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కోళ్లకి చలి కంటే కాళ్ల కింద తడి ఎక్కువ చేటు. దొడ్డి చుట్టూ నాలుగు వైపులా కనీసం 2 అడుగులు ఖాళీ ఉంచాలి, మూతలు వెనక్కి తెరుచుకునే వైపు ఇంకొంచెం ఎక్కువే కావాలి. ప్రహరీ గోడకి ఆనించి పెడితే కర్ర కలిసొస్తుందని కొందరు అలా చేస్తారు, దాంతో ఒక పొడుగు వైపు మొత్తం చెయ్యి పెట్టడానికి లేకుండా పోతుంది, పైగా పిల్లులకి గోడ మీద నుంచి సరాసరి మూత మీదకి దిగే దారి దొరుకుతుంది.

మధ్యాహ్నం తర్వాతి ఎండ తప్పించుకునే చోటు అయితే బంగారం. పొద్దున ఎండ పడాలి, అది తడిని ఆరబెడుతుంది. మధ్యాహ్నం 2 గంటలప్పుడు నీడ ఎటు పడుతోందో చూసుకుని చోటు ఖాయం చేసుకోండి. పక్కింటి వాళ్ల పడకగది కిటికీ కింద వద్దు. మీరుండే చోట ఇంట్లో కోళ్లు పెంచడం మీద ఏవైనా నియమాలున్నాయేమో కూడా కర్ర కొనకముందే కనుక్కోండి. గన్నేరు, ఉమ్మెత్త లాంటి విషపు మొక్కలు దగ్గర్లో ఉంటే వాటి ఆకులు లోపల పడకుండా కొట్టేయాలి, లేదా దొడ్డినే దూరంగా జరపాలి.

కర్ర, చట్రం

2 అంగుళాలు × 2 అంగుళాల కర్ర తీసుకోండి. వెదురు చవకే గానీ పురుగు తొలుస్తుంది, ఎండకి చీలుతుంది, దానికి జాలీ గట్టిగా పట్టించడం కూడా కష్టం. పీవీసీ పైపులతో కట్టేవాళ్లూ ఉన్నారు, మామూలు పైపు ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పెళుసుబారి పుటుక్కున విరుగుతుంది. ఇనుప చట్రం వెల్డింగ్ చేయించుకోగలిగితే సుబ్బరంగా ఉంటుంది, బరువు మాత్రం మర్చిపోకండి. పాత తలుపుల కర్ర, పాత కిటికీల కర్ర వాడదామనుకుంటే మీద ఉన్న రంగు సంగతి చూడాలి, పాతకాలం రంగుల్లో సీసం ఉండేది, కోళ్లేమో కనిపించిన ప్రతి పెచ్చునీ పొడిచి తింటాయి.

చట్రానికి కోయాల్సిన ముక్కలు ఇవీ. పొడుగు వైపులకి 96 అంగుళాల పట్టెలు 4, అంటే ఒక్కో వైపు పైన ఒకటి, కింద ఒకటి. వాటి మధ్య నిలువుగా నిలబెట్టడానికి 26 అంగుళాల ముక్కలు 6, ఒక్కో వైపుకి మూడు చొప్పున. పైనా కిందా రెండేసి అంగుళాల పట్టెలు కలిసి మొత్తం 30 అంగుళాల ఎత్తు వస్తుంది. అడ్డంగా 44 అంగుళాల ముక్కలు 5, రెండు చివర్లా పైనా కిందా కలిపి నాలుగు, ఇంకొకటి పైన నట్టనడుమ. 48 ఉండాలి కదా 44 ఏంటి అనుకోకండి, ఈ ముక్కలు రెండు పొడుగు వైపుల మధ్యలో ఇముడుతాయి, అటూ ఇటూ పట్టెల మందం కలిస్తే 48 అవుతుంది. మొత్తం కలిపి దాదాపు 63 అడుగుల కర్ర, కోతల్లో పోయేదానికి ఇంకొంచెం కలుపుకోండి.

ముందు రెండు పొడుగు వైపుల్నీ నేల మీద పడుకోబెట్టి విడివిడిగా బిగించండి, తర్వాత నిలబెట్టి మధ్యలో అడ్డముక్కలు బిగిస్తే పెట్టె తయారవుతుంది. మేకులు కొట్టొద్దు, స్క్రూలే వాడండి, స్క్రూ ఎక్కించే ముందు డ్రిల్‌తో సన్న కన్నం వేస్తే కర్ర చివర్లు చీలవు. అన్నీ బిగుసుకున్నాక మూల మట్టం చూడటానికి పైన ఈ మూల నుంచి ఆ ఎదురు మూలకి టేపు పెట్టి కొలవండి, మళ్లీ ఇంకో జత మూలలు కొలవండి. రెండూ ఒకేలా రావాలి, ఈ సైజుకి అది 107 అంగుళాల పైన చిటికెడు. తేడా వస్తే ఎక్కువ వచ్చిన మూలల్ని ఒకదాని వైపు ఒకటి నొక్కితే చట్రం సర్దుకుంటుంది, అప్పుడు లోపలి మూలల్లో చిన్న త్రికోణం చెక్కలు బిగించేయండి. ఈ పని బద్ధకించి వదిలేస్తే దాని ఫలితం మూతల దగ్గర కనపడుతుంది, ఒక పక్క ఆనుతుంది, ఇంకో పక్క వేలు దూరే సందు మిగులుతుంది, ఆ తర్వాత ఎన్ని తిప్పలు పడ్డా సరికాదు.

కింది పట్టెలు మట్టిని తాకితే తొందరగా పుచ్చిపోతాయి కాబట్టి చుట్టూ ఒక వరస ఇటుకలు పరిచి వాటి మీద కూర్చోబెట్టండి. ఇటుకల బయటి అంచు, పట్టె బయటి అంచు ఒకే గీతలో ఉండేలా చూడండి, ఎందుకో జాలీ దగ్గర తెలుస్తుంది. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఇటుక కింద మట్టి చెక్కి సరిచేయాలి తప్ప పట్టె కింద చితుకులు, రాళ్లు దోపొద్దు.

జాలీ, అసలు కథంతా ఇక్కడే

కోళ్ల జాలీ అని అమ్మే పల్చటి, ఆరు మూలల కళ్లున్న జాలీ ఉంటుంది చూశారా, అది కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది, బయటి నుంచి వచ్చేదాన్ని ఆపడానికి పనికిరాదు. కుక్క పళ్లతో పట్టి లాగితే చిరిగిపోతుంది, ఎలుక దర్జాగా దూరిపోతుంది, జాలీకి ఆనుకుని పడుకున్న కోడి రెక్కని బావురుపిల్లి పంజా పెట్టి లాగేయగలదు. డబ్బు ఎక్కడైనా మిగుల్చుకోండి గానీ ఇక్కడ వద్దు. అరంగుళం చదరపు కళ్లున్న, గాల్వనైజ్ చేసిన వెల్డెడ్ మెష్ తీసుకోండి, తీగ మందం 19 గేజ్ ఉంటే చాలు. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, అందుకే 22, 23 గేజ్ అని చూపిస్తే వద్దనండి. అరంగుళం కన్ను పిల్లిని, ముంగిసని, పెద్ద ఎలుకల్ని, పెద్ద పాముల్ని ఆపుతుంది. చిట్టెలుకలు, పాము పిల్లలు రాకూడదంటే పావంగుళం కన్ను కావాలి, మొత్తం అదే వేస్తే గాలి తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. నేనైతే పావంగుళం జాలీని గూటి కిటికీలకి మాత్రమే వాడతాను.

జాలీ చుట్ట 4 అడుగుల వెడల్పుది తెచ్చుకోండి. గోడ ఎత్తు 30 అంగుళాలు పోగా కింద ఇంకా 18 అంగుళాలు మిగులుతుంది కదా, దాన్ని కత్తిరించకుండా బయటి వైపుకి మడిచి నేల మీద పరిచేయండి. తవ్వుకుని రావాలనుకునే జంతువు ఏదైనా సరే గోడ మొదట్లోనే గోళ్లు పెడుతుంది, అక్కడ కాలి కింద జాలీ తగులుతుంది, రెండడుగులు వెనక్కి జరిగి అక్కడి నుంచి సొరంగం తవ్వాలన్న తెలివి వాటికి మామూలుగా రాదు. అడుగు లోతు కందకం తీసి జాలీ పాతిపెట్టే పద్ధతి కూడా ఉంది, నడుం విరిగే పని, పైగా భూమిలో ఉన్న తీగ ఎప్పుడు తుప్పు పట్టి పోయిందో మనకి తెలియదు. పైన పరిచినదైతే వేలితో గుచ్చి చూసుకోవచ్చు. ఇటుకలు వేశాం కాబట్టి ఒక 3 అంగుళాలు వాటికే పోయి బయట 15 అంగుళాలు మిగులుతుంది, ఫర్వాలేదు. ఇటుక, పట్టె ఒకే గీతలో ఉండమన్నది ఇందుకే, జాలీ మెలిక తిరగకుండా తిన్నగా కిందికి దిగి బయటికి మళ్లుతుంది.

నాలుగు వైపులకీ నాలుగు ముక్కలుగా కత్తిరించుకోండి, 8 అడుగులవి 2, 4 అడుగులవి 2. గోడ మూలల్లో ఒకదాని మీద ఒకటి 2 అంగుళాలు ఎక్కేలా పొడవు కొంచెం ఎక్కువ ఉంచుకోండి. మడవటానికి జాలీని నేల మీద పరిచి, మడత గీత మీద ఒక చెక్క పెట్టి దాని మీద నిలబడి, ఇవతల మిగిలిన భాగాన్ని చేతుల్తో పైకి లాగితే నీటుగా వంగుతుంది. బయటికి మళ్లినప్పుడు నాలుగు మూలల్లోనూ నేల మీద చదరంగా ఖాళీ మిగులుతుంది, చాలామంది అది చూడరు, తవ్వే జంతువు మాత్రం ముందు అక్కడే వెతుకుతుంది. 20 అంగుళాల చదరపు ముక్కలు 4 కోసి ఆ మూలల్లో పరిచి, పక్క జాలీలకి తీగతో కుట్టేయండి. గోడలకి, మూతలకి, మూలలకి అన్నిటికీ కలిపి 36 అడుగుల దాకా పడుతుంది, 40 అడుగులు తెచ్చుకుంటే గూటి తలుపుకి కూడా మిగులుతుంది.

కర్రకి పట్టించడం స్టేప్లర్ పిన్నులతో కాదు. అవి చూడటానికి గట్టిగానే ఉంటాయి, కుక్క నాలుగుసార్లు కాళ్లతో తోస్తే వరసగా ఊడిపోతాయి. ప్రతి 5, 6 అంగుళాలకీ ఒక స్క్రూ, దాని కింద వెడల్పాటి వాషర్, ఇదే పద్ధతి. వాషర్ కనీసం ఒక తీగ కూడలి మీద కూర్చోవాలి, ఖాళీ కంట్లో కూర్చుంటే ఏమీ పట్టుకోదు. యూ మేకులు కూడా వాడొచ్చు గానీ రేపు ఎక్కడైనా జాలీ మార్చాల్సి వస్తే స్క్రూ అయితే విప్పుకోవచ్చు. జాలీ ఎప్పుడూ చట్రానికి బయటి వైపే ఉండాలి, లోపలి వైపు పట్టిస్తే బయటి నుంచి తోసినప్పుడు స్క్రూల మీద నుంచి ఊడి లోపలికి వెళ్తుంది, బయట ఉంటే ఎంత తోసినా కర్రకే నొక్కుకుంటుంది.

కత్తిరించేటప్పుడు రేకు కత్తెర వాడండి, చేతికి తోలు గ్లవ్స్ వేసుకోండి. తీగని కూడలికి ఆనించి కత్తిరిస్తే ముళ్లు మిగలవు, మధ్యలో కత్తిరిస్తే పావంగుళం ముల్లు నిలబడి ఉంటుంది, అది మీ ముంజేతికో కోడి తురాయికో గీసుకోక మానదు. ఇంకో సంగతి, పని అయిపోయాక నేల మీద పడ్డ తీగ ముక్కలన్నీ ఏరేయాలి. కోళ్లకి మెరిసే చిన్న ముక్క కనిపిస్తే గుటుక్కున మింగేస్తాయి. కడుపులో గుచ్చుకోవడం ఒకటి, గాల్వనైజ్ పూతలో ఉండే జింకు విషమవడం ఇంకొకటి. ఒక అయస్కాంతానికి తాడు కట్టి గడ్డిలో అటూ ఇటూ ఈడ్చండి, శుభ్రంగా ఏరేశాననుకున్న చోట నుంచే పది ముక్కలు అతుక్కుని వస్తాయి.

బయట పరిచిన అంచుని ఇనుప చువ్వల్ని కొక్కేల్లా వంచి నేలలోకి దిగ్గొట్టి పట్టించండి. మీద అంగుళం మట్టి వేసి వదిలేస్తే గడ్డి కళ్లలోంచి మొలిచి దాన్ని నేలకి కుట్టేస్తుంది, అప్పటిదాకా పైన నాలుగు బరువైన రాళ్లు పెట్టి ఉంచండి.

మూతలు

పైభాగాన్ని రెండు మూతలుగా చేయండి, ఒక్కోటి దాదాపు 4 అడుగులు × 4 అడుగులు. రెండూ నడిమి అడ్డముక్క మీద వచ్చి కలుస్తాయి. ఒకదానికొకటి రాసుకోకుండా ఒక్కోటి పావంగుళం తక్కువ కోసుకోండి. మూతలకి మాత్రం 2 × 2 కర్ర వద్దు, రోజూ ఎత్తాల్సింది మీరే, 2 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం బద్దలు చాలు. అటూ ఇటూ రెండు, వాటి మధ్య ఇమిడే అడ్డబద్దలు మూడు, మూలల్లో పలుచటి ప్లైవుడ్ త్రికోణాలు. జాలీని మూత పైవైపు పట్టించండి. కోడి ఉలిక్కిపడితే నిట్టనిలువుగా పైకి ఎగురుతుంది, తల నేరుగా మూతకి తగులుతుంది, కాబట్టి మూత అడుగున స్క్రూ మొనలు గానీ తీగ ముళ్లు గానీ పొడుచుకు రాకూడదు. స్క్రూ పొడవు బద్ద మందం కంటే తక్కువ ఉండేలా చూసి కొనండి, చివర్లో ఒకసారి అరచేత్తో అడుగంతా తడిమి చూడండి.

మడత బందులు ఒక పొడుగు వైపు బిగించి, మూతలు రెండూ అటే తెరుచుకునేలా పెట్టుకోండి. మూత పూర్తిగా వెనక్కి వాలిపోతే బందులు విరుగుతాయి, నిటారుగా నిలబడితే గాలికి టప్పున మీ తల మీద పడుతుంది. నిటారుకి కొంచెం వెనక్కి వాలి ఆగేలా ఒక గొలుసు కట్టండి, వంగి చేతులు లోపల పెట్టే ముందు ఒక ఊతకర్ర కూడా దోపండి. ఈ ఊతకర్ర దొడ్డికే తాడుతో కట్టి ఉండాలి, లేకపోతే అవసరమైన రోజున కనపడదు.

గొళ్లేల విషయంలో పీనాసితనం వద్దు. ఒట్టి కొక్కెం అయితే ముట్టెతో తోస్తే లేచిపోతుంది. అడ్డగడియ పెట్టి, దాని కన్నంలో స్ప్రింగు క్లిప్పు తగిలించండి, రెండు పనులు చేస్తే గానీ తెరుచుకోకూడదు. ఒక్కో మూతకి ఒకటి మధ్యలో పెడితే మూత మూలలు పైకి లేస్తాయి, రెండు చివర్లా రెండు పెట్టండి.

బందుల వైపు దూరపు మూల ఇంకా 4 అడుగుల అవతలే ఉంటుందని ఈపాటికి మీకు అనుమానం వచ్చే ఉంటుంది. అందుకే నీళ్లు, మేత, మట్టి స్నానం పెట్టె (కోళ్లు పొర్లాడే పొడి మట్టి తొట్టి) అన్నీ తెరిచే వైపుకే పెట్టుకోవాలి, అటు మూలల్ని పొడుగు పిడి ఉన్న చిన్న పళ్ల పార తో గీక్కోవచ్చు. వారానికోసారి మూత తెరిచి లోపలికి దిగి మొత్తం శుభ్రం చేసుకోవచ్చు. వెన్ను నొప్పి ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు అయితే పొడవునా మధ్యలో ఒక పట్టె వేసుకుని, దానికి అటు రెండు ఇటు రెండు 2 అడుగుల మూతలు బిగించుకోండి. పని రెట్టింపు, బందులు రెట్టింపు, కానీ ఏ మూలకైనా చెయ్యి అందుతుంది.

నీడ, వేడి

ఒక మూతని జాలీగానే వదిలేసి, గూటి పక్కనున్న మూత మీద రేకు వేయండి. చదునుగా వేస్తే నీళ్లు నిలుస్తాయి, బందుల వైపు ఒక చెక్క పెట్టి ఎత్తితే 4 అడుగులకి 4 అంగుళాల వాలు వస్తుంది, అది చాలు. మీరు నిలబడే వైపుకి వాన కారుతుంది గానీ తప్పదు, అంచు ఒక 3 అంగుళాలు బయటికి ఉంచండి.

పొట్టి దొడ్డిలో పైకప్పు కోడి తలకి ఒక అడుగు పైనే ఉంటుంది. ఎత్తైన షెడ్డులో రేకు కాలినా వేడి పైనే ఉండిపోతుంది, ఇక్కడ సరాసరి వీపు మీదకే దిగుతుంది. కోళ్లకి చెమట పట్టదు, ఎండ ముదిరితే నోరు తెరిచి రొప్పుతాయి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుంటాయి. అలా కనిపించిందంటే అప్పటికే ఇబ్బంది పడుతున్నాయని అర్థం. రేకు పైవైపు తెల్ల రంగు వేయండి, రేకు మీద నాలుగు వేళ్ల ఎత్తులో ఎండుగడ్డి చాపో షేడ్ నెట్టో కట్టండి, మధ్యలో గాలి ఆడాలి. పక్కల్ని పట్టాలతో మూసేయకండి, ఈదురుగాలితో వాన కొట్టే వైపు ఒక్కటే అవసరమైనప్పుడు దించుకునేలా కట్టుకోండి. జాలీ మూత మీదకి ఏదైనా తీగ పాకించుకుంటే కూడా బాగుంటుంది, కోడి ముక్కుకి అందినంత మేర ఆకులు మిగలవు, అంతకు పైన చక్కగా పెరుగుతుంది. మూత తెరవాలి కాబట్టి తీగని మూతకి కాకుండా పక్కన వేసిన పందిరికి పాకించండి.

గూడు జతచేయడం

రాత్రి ఈ దొడ్డిలో కోళ్లని వదిలేయొద్దు. పొద్దువాలగానే కోడి ఎత్తు వెతుక్కుంటుంది, ఇక్కడ ఆ ఎత్తు లేదు. ఒక 4 అడుగుల వైపుకి గూడు ఆనించి, మధ్యలో 12 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు దారి తీయండి, దానికి పై నుంచి తాడుతో లేపే జారుడు తలుపు పెట్టుకుంటే వంగక్కర్లేదు. గూడు, దొడ్డి రెండూ విడివిడిగా నిలబడి పక్కపక్కన ఉంటే కాలం గడిచేకొద్దీ ఒకటి కుంగి సందు పడుతుంది, బోల్టులతో కలిపి బిగించేయండి. గూడు కాళ్ల మీద ఉంటే ఆ కింద ఖాళీని కూడా జాలీతో మూయాలి.

నేల

మొదట్లో పచ్చగా ఉన్న గడ్డి కొన్ని వారాల్లోనే మాయమవుతుంది, ఎన్ని విత్తనాలు చల్లినా లాభం లేదు, గీకి పారేస్తాయి. అందుకే మొదటి రోజు నుంచే 4 నుంచి 6 అంగుళాల మందాన ఎండుటాకులు, గడ్డి, చెక్క పొట్టు కలిపి వేసేయండి. మరీ మెత్తటి రంపపు పొట్టు వద్దు, దుమ్ము లేస్తుంది, తడిస్తే ముద్ద కడుతుంది. లోపలి వైపు అడుగున చుట్టూ 6 అంగుళాల చెక్క అడ్డం పెడితే ఆ పొట్టంతా జాలీ కళ్లలోంచి బయటికి పోకుండా ఉంటుంది. కోళ్లే రోజంతా తిరగేస్తాయి, మీరు చేయాల్సింది పైన పొడిది వేస్తూ పోవడం, తడి ముద్దలు తీసేయడం. కొలమానం మీ ముక్కే. మూత తెరిచి తల లోపల పెట్టినప్పుడు ఘాటుగా అమ్మోనియా వాసన కొడితే తడి ఎక్కువైందని, పొడి ఆకులు తక్కువయ్యాయని అర్థం. కోడి తల ఉండేది మీ ముక్కు కంటే ఇంకా కిందనే మరి.

తీసిన పెంట పొట్టు కూరగాయలకి బంగారం లాంటిది, పచ్చిగా మాత్రం వేయొద్దు, కుప్ప పోసి బాగా మాగనివ్వండి. తప్పనిసరై పచ్చిది వేస్తే, మట్టిని తాకే పంటలైతే కోతకి 120 రోజుల ముందు, పైన కాసేవైతే 90 రోజుల ముందు వేయాలన్నది సేంద్రియ సాగులో పాటించే లెక్క.

రేకు మూత కింద ఒక మూల వెడల్పాటి తొట్టిలో పొడి మట్టి, ఇసుక, కొంచెం కట్టెల బూడిద పోసి పెట్టండి, అందులో పొర్లాడి ఒంటి మీద పేలు దులుపుకుంటాయి. నీళ్ల గిన్నె ఇటుక మీద, కోడి వీపు ఎత్తులో పెడితే పొట్టు పడదు. ఒక్కో పెట్ట రోజుకి పావు లీటరు నుంచి అర లీటరు తాగుతుంది, ఎండల్లో రెట్టింపు. మేత రోజుకి 100 నుంచి 120 గ్రాములు, సాయంత్రానికి మిగిలింది తీసేయాలి, రాత్రి మిగిలిన మేత ఎలుకల్ని పిలుస్తుంది, ఎలుకలు పాముల్ని పిలుస్తాయి. గుడ్లు కూడా ఏ రోజువి ఆ రోజే తీసేయండి.

కోళ్లని వదిలే ముందు

చీకటి పడ్డాక ఒకరు మూత తెరిచి లోపల టార్చ్ పెట్టుకుని కూర్చోండి, ఇంకొకరు బయట చుట్టూ తిరుగుతూ ఎక్కడెక్కడ వెలుగు గీతలా బయటికి వస్తోందో చూడండి. పగలు కంటికి ఆనని సందులు అప్పుడు తెలుస్తాయి. బొటనవేలు దూరే సందు ఏదైనా మూసేయాల్సిందే.

కొత్త కోళ్లని మూడు నాలుగు రోజులు గూట్లోనే ఉంచి, గాలీ వెలుతురూ, నీళ్లూ మేతా అక్కడే అందేలా చూసి, తర్వాత దొడ్డిలోకి వదలండి, సాయంత్రం వాటంతటవే గూటికి చేరడం అలవాటవుతుంది. ఈ అలవాటు పొట్టి దొడ్డికి చాలా ముఖ్యం, ఎందుకంటే పగటిపూట ఇందులో కోడిని పట్టుకోవడం గగనం, మీరు ఈ మూల చెయ్యి పెడితే అది ఆ మూలకి పోతుంది. మందు వేయాలన్నా, కాలు చూడాలన్నా చీకటి పడ్డాక గూట్లోంచి తీసుకోండి, కిక్కురుమనదు.

మొదటి వారం రోజులు రాత్రిపూట బయటి అంచు మీద పల్చగా బూడిద చల్లి ఉంచండి. పొద్దున్నే ఎవరి అడుగులు పడ్డాయో, ఏ వైపు తిరిగి తిరిగి గోకారో కనపడుతుంది, ఆ వైపు ఇంకో నాలుగు కొక్కేలు దిగ్గొట్టండి. తర్వాత నెలకోసారి చుట్టూ తిరిగి అంచుని కాలితో తొక్కి చూడటం, బందులకి నూనె వేయడం, వాన్లు వచ్చే ముందు బయటి వైపు కర్రకి ఒక పూత రంగు వేయడం ఉంటాయి. ఇటుకల దగ్గర, పెంట తడి తగిలే చోట జాలీ ముందుగా తుప్పు పడుతుంది, ఆ మడత దగ్గర ఏటా వేళ్లతో గట్టిగా నొక్కి చూసి, తీగ విరిగితే పాతదాని మీదే అడుగు వెడల్పు కొత్త పట్టీ వేసి కుట్టేయండి.